గోదాము నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా: అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల కొనుగోళ్లు

అమెరికాలో మాజీ సైనికుల వైద్యం చూసే ప్రభుత్వ శాఖ డిపార్ట్‌మెంట్ ఆఫ్ వెటరన్స్ అఫైర్స్. వాడుకలో వీఏ. దీని కింద 170కి పైగా పెద్ద ఆసుపత్రులు, వాటికి అనుబంధంగా వెయ్యికి మించి క్లినిక్‌లు పనిచేస్తున్నాయి. వైద్యం కోసం పేరు నమోదు చేసుకున్న మాజీ సైనికులు 90 లక్షల పైచిలుకు. ఆ దేశంలో ఒకే యాజమాన్యం కింద నడిచే వైద్య వ్యవస్థల్లో ఇంత పెద్దది ఇంకొకటి లేదు. దూది, సిరంజి మొదలుకొని ఎంఆర్‌ఐ యంత్రం వరకు ఇక్కడికి వచ్చే ప్రతి వస్తువూ పన్ను కట్టేవారి సొమ్ముతో, చట్టం చెప్పిన పద్ధతిలో కొనవలసిందే. ఈ ఏర్పాటుకు వందేళ్లు నిండాయి. ఈ వందేళ్లలో కొనుగోళ్లు బెడిసికొట్టిన పెద్ద సందర్భాలను వరుసగా పరిశీలిస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఖజానాలో సొమ్ము లేక రోగికి వస్తువు అందకపోవడం అరుదు. గోదాములో ఏముందో ఎవరికీ లెక్క తెలియకపోవడం వల్లా, వస్తువును చేత్తో పట్టుకుని వాడే నర్సు మాట, డాక్టరు మాట కొనుగోలు అధికారి బల్ల దాకా చేరకపోవడం వల్లా జరిగిన నష్టమే ఎక్కువ.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక గాయపడి తిరిగివచ్చిన సైనికుల వైద్యం, బీమా, శిక్షణ వేర్వేరు సంస్థల చేతుల్లో చిక్కుపడిపోయాయి. వాటన్నిటినీ ఒకచోటికి తెచ్చి 1921 ఆగస్టులో వెటరన్స్ బ్యూరో ఏర్పాటు చేశారు. అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ దానికి మొదటి డైరెక్టరుగా చార్లెస్ ఫోర్బ్స్‌ను నియమించాడు. యుద్ధకాలంలో కొని మిగిలిపోయిన ఆసుపత్రి సామాను మేరీలాండ్ రాష్ట్రంలోని పెర్రీవిల్ డిపోలో గుట్టలుగా పడి ఉండేది. పక్కదుప్పట్లు, తువ్వాళ్లు, గాజుగుడ్డ, మందులు, ఇంకా ఎన్నో. ఆ సరుకు మిగులు అని తేల్చి, బోస్టన్‌కు చెందిన ఒక కంపెనీకి కొన్న ధరలో చిన్న భాగానికే అమ్మివేశారు. సరుకు నింపుకొన్న రైలు పెట్టెలు డిపో దాటుతున్న కాలంలోనే బ్యూరో ఆసుపత్రులకు సామాను కావలసి ఉంది. హార్డింగ్ సొంత వైద్యుడు చార్లెస్ సాయర్ ఈ వ్యవహారాన్ని అధ్యక్షుడి దృష్టికి తెచ్చాడు. 1923 ఫిబ్రవరిలో ఫోర్బ్స్ రాజీనామా చేశాడు. ఆ తరువాత సెనేట్ విచారణ జరిగింది. 1925లో అతనికి రెండేళ్ల జైలు, 10,000 డాలర్ల జరిమానా విధించారు.

అయితే ఆ శిక్ష పెర్రీవిల్ అమ్మకానికి పడింది కాదు. ఆసుపత్రి భవనాల కాంట్రాక్టుల్లో కుట్ర చేసినందుకు పడింది. వైద్య చరిత్రకారిణి రోజ్‌మేరీ స్టీవెన్స్ 2016లో వెలువరించిన గ్రంథంలో ఆనాటి రికార్డులను తిరిగి పరిశీలించి, ఫోర్బ్స్ గురించి లోకంలో స్థిరపడిన చిత్రం చాలావరకు పెంచి గీసిందేనని వాదించారు. అతని వ్యక్తిగత దోషం ఎంత అన్న ప్రశ్నను చరిత్రకారులకు వదిలిపెట్టవచ్చు. కొనుగోళ్ల దృష్టితో చూస్తే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. ఒక గోదాములోని సరుకు మిగులో కాదో తేల్చే అధికారం ఎవరిది? ప్రతి ఆసుపత్రికీ ఏడాదికి ఎన్ని పక్కదుప్పట్లు కావాలో, డిపోలో ఎన్ని ఉన్నాయో ఒకే పట్టీలో పక్కపక్కన రాసి ఉంటే, ఎంత పెద్ద అధికారి సంతకమైనా అంత తేలిగ్గా చెల్లేది కాదు. అటువంటి పట్టీ కోసం ఆ సంస్థ ఇప్పటికీ పాటుపడుతూనే ఉంది.

ఫోర్బ్స్ తరువాత వచ్చిన ఫ్రాంక్ హైన్స్ రెండు దశాబ్దాలకు పైగా పదవిలో ఉండి సంస్థను క్రమశిక్షణలో పెట్టాడు. 1930లో అది వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్ అయింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జనరల్ ఒమర్ బ్రాడ్లీ కాలంలో ఆసుపత్రులను వైద్య కళాశాలలతో ముడిపెట్టారు. 1989లో మంత్రి స్థాయి శాఖ హోదా వచ్చింది. కొనుగోళ్ల ప్రధాన కేంద్రం షికాగో నగర శివారులో హైన్స్ అనే చోట ఉంది. ఆ ఊరి పేరుకూ ఫ్రాంక్ హైన్స్‌కూ సంబంధం లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సులో మరణించిన ఎడ్వర్డ్ హైన్స్ జూనియర్ అనే యువ లెఫ్టినెంటు పేరు అక్కడి ఆసుపత్రికి పెట్టారు.

అమెరికా కేంద్ర ప్రభుత్వానికి కావలసిన సాధారణ వస్తువుల కొనుగోళ్లు జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ చూస్తుంది. వైద్య సామగ్రి విషయంలో మాత్రం ఆ అధికారాన్ని వీఏకు అప్పగించారు. హైన్స్ కేంద్రం కంపెనీలతో దీర్ఘకాలిక ఒప్పందాలు కుదుర్చుకుని ధరల పట్టికలు తయారు చేస్తుంది. మన ప్రభుత్వ కార్యాలయాల్లో రేటు కాంట్రాక్టు అనే మాట అందరికీ తెలుసు. ఇది ఆ కోవకు చెందిందే. ఒకసారి పట్టికలో ధర ఖాయమయ్యాక ఏ ఆసుపత్రి అయినా మళ్లీ మొదటి నుంచి టెండరు పిలవకుండా ఆ ధరకు ఆర్డరు ఇవ్వవచ్చు. పట్టికలో చేరాలంటే కంపెనీ తన ఇతర ఖాతాదారులకు ఏ ధరకు, ఏ రాయితీతో అమ్ముతున్నదో బయటపెట్టాలి. అందరికంటే మేలైన ఖాతాదారుకు ఇచ్చే ధర తమకూ ఇమ్మని ప్రభుత్వం బేరం మొదలుపెడుతుంది.

మందుల దగ్గర ఈ బేరానికి చట్టం అండ ఉంది. 1992లో చేసిన చట్టం ప్రకారం, ప్రభుత్వేతర కొనుగోలుదారులు కట్టే సగటు ధర కంటే కనీసం 24 శాతం తక్కువకు కంపెనీలు బ్రాండెడ్ మందులను వీఏకు అమ్మాలి. పరికరాలకు అటువంటి గరిష్ఠ ధర లేదు. ఒకే పేరున్న మాత్ర అన్నిచోట్లా ఒకటే కాబట్టి సగటు కట్టవచ్చు. ఒక కంపెనీ వెంటిలేటరుకూ మరో కంపెనీ వెంటిలేటరుకూ తూకం వేయడం అంత తేలిక కాదు. ఒకే కంపెనీ అమ్మే ఒకే నమూనా కూడా అదనపు భాగాలను బట్టి, సర్వీసు షరతులను బట్టి ధర మారుతుంది. అందుకే మందుల కొనుగోలులో వీఏ సాధించిన పేరు పరికరాల కొనుగోలులో రాలేదు.

ఈ పట్టికలకు వర్తించే మరో నిబంధన తెలుగు ప్రాంతపు పరిశ్రమను నేరుగా తాకుతుంది. 1979 నాటి వాణిజ్య ఒప్పందాల చట్టం ప్రకారం పట్టికలోని వస్తువు అమెరికాలోనైనా, ఆ ప్రభుత్వం గుర్తించిన దేశాల్లోనైనా తయారై ఉండాలి. ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలోని ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. 2010 నుంచి పరిశీలక హోదాలో మాత్రమే ఉంది. కాబట్టి విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్‌లో పూర్తిగా తయారైన పరికరం ఎంత నాణ్యమైనదైనా ఈ దారిలో వీఏ ఆసుపత్రికి చేరడం కష్టం. మందుల విషయంలో ఇదే నిబంధన మీద ఒక ముఖ్యమైన తీర్పు వచ్చింది. హైదరాబాదు అరబిందో ఫార్మాకు అనుబంధ సంస్థ అయిన ఆరోలైఫ్ న్యూజెర్సీలో ఎంటెకావిర్ అనే మాత్రలు తయారు చేసేది. మూల రసాయనం భారతదేశంలో తయారయ్యేది. ఆ మాత్రలను వీఏకు సరఫరా చేసిన ఏసెట్రిస్ కంపెనీ సరుకు భారతీయమైనదనీ, చెల్లదనీ అభ్యంతరం వచ్చింది. 2020 ఫిబ్రవరిలో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు కంపెనీ వైపు తీర్పు చెప్పింది. వస్తువు అంటే రోగి మింగే మాత్ర, దానిలోని రసాయనం కాదు. మాత్ర అమెరికాలో తయారైంది కాబట్టి అది అమెరికా సరుకేనని తేల్చింది. పరికరాలు తయారు చేసే భారతీయ కంపెనీలు ఈ తీర్పును శ్రద్ధగా చదవవలసి ఉంది.

పెద్ద యంత్రాల కొనుగోలు వేరే తరహా పని. ఎంఆర్‌ఐ, సీటీ స్కానర్ వంటివి ఒక ఆసుపత్రి విడిగా కొంటే బేరమాడే బలం ఉండదు. అందువల్ల వివిధ ఆసుపత్రుల కోరికలను కలిపి, సైనిక ఆసుపత్రుల అవసరాలు చూసే రక్షణ శాఖతో చేతులు కలిపి కొనే పద్ధతి ఉంది. ధర తగ్గించడంలో ఇది మంచి ఫలితమే ఇచ్చింది. కానీ యంత్రం ధర ఖర్చులో ఒక భాగం మాత్రమే. ఎంఆర్‌ఐ గదికి బయటి రేడియో తరంగాలు చొరబడకుండా రాగి తొడుగు వేయాలి, నేల బరువు మోయాలి, చల్లబరిచే యంత్రాంగం రాత్రింబగళ్లు నడవాలి. పాత భవనంలో ఈ పనులకు వేరే పద్దు, వేరే టెండరు, వేరే కాంట్రాక్టరు. భవనం కాంట్రాక్టు వెనకబడితే యంత్రం పెట్టెల్లోనే ఉంటుంది, వారంటీ గడువు మాత్రం తరిగిపోతూ ఉంటుంది. యంత్రం నడవడం మొదలైన తరువాత నిర్వహణ ఒప్పందం, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ మార్పులు ఉంటాయి. ఈ రోజుల్లో ఆసుపత్రి నెట్‌వర్కుకు తగిలించిన ప్రతి పరికరమూ వైరస్ చొరబడే ద్వారమే. పాత ఆపరేటింగ్ సిస్టంతో నడిచే యంత్రాలను పారేయలేక, వాటిని మిగతా నెట్‌వర్కు నుంచి విడదీసి ఉంచే పద్ధతిని వీఏ అమలు చేసింది. కొనుగోలు పత్రంలో ఈ సంగతులు ముందే రాయించగలిగేది బయోమెడికల్ ఇంజనీరు. ఆయనను చివర్లో పిలిచిన చోట్ల ఆసుపత్రి ఏళ్ల తరబడి మూల్యం చెల్లిస్తుంది.

పరికరం కొనడమంటే దాన్ని శుభ్రం చేసే పద్ధతిని కూడా కొనడమే. 2008 చివర్లో టెనెసీ రాష్ట్రం మర్‌ఫ్రీస్‌బరో వీఏ ఆసుపత్రిలో కొలనోస్కోపీ యంత్రం నీటి గొట్టానికి తప్పుడు వాల్వు బిగించి ఉందని కనుగొన్నారు. మయామీలో కొన్ని భాగాలను ప్రతి రోగి తరువాతా క్రిమిరహితం చేయకుండా వట్టి నీళ్లతో కడిగి వాడారు. ఆగస్టాలో ముక్కు, గొంతు పరీక్షించే పరికరాల శుద్ధిలో లోపం బయటపడింది. పది వేలకు పైగా మాజీ సైనికులకు ఉత్తరాలు రాసి హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలకు రమ్మని పిలవవలసి వచ్చింది. అవి నాణ్యమైన పరికరాలే. ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో కంపెనీ, ఒక్కో నమూనా పరికరాలు ఉన్నప్పుడు వాటిని కడిగే సిబ్బంది ప్రతిదానికీ వేరే వరుస గుర్తుపెట్టుకోవాలి. ఎన్ని నమూనాలు కొనాలి అన్న నిర్ణయం రోగి భద్రతకు సంబంధించిన నిర్ణయం కూడా.

కృత్రిమ అవయవాల దగ్గర చట్టం పూర్తిగా వేరే దారి పట్టింది. కాలో చెయ్యో పోగొట్టుకున్న సైనికుడికి కావలసిన అవయవాన్ని ఇతర కొనుగోలు చట్టాలేవీ అడ్డు రాకుండా కొనే అధికారం శాఖాధిపతికి ఉంది. ఒకరి కాలు మరొకరికి సరిపోదు కాబట్టి పోటీ టెండరుకు అర్థం లేదన్నది దీని వెనక ఉన్న న్యాయమైన ఆలోచన. అయితే వీఏ లెక్కలో కృత్రిమ అవయవాలంటే కాళ్లు, చేతులు మాత్రమే కావు. చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, పేస్‌మేకర్, కీలు మార్పిడి ఇంప్లాంట్లు కూడా ఆ పద్దులోనివే. ఒక మనిషికి కొలిచి చేసే వస్తువుకు ఇచ్చిన వెసులుబాటు, కర్మాగారంలో వేల సంఖ్యలో తయారయ్యే వస్తువుకూ విస్తరిస్తే బేరం బలహీనపడుతుంది. ఈ రెండింటినీ విడదీయడం ఇంకా చేయవలసిన పనే.

రోజువారీ సామాను విషయంలోనే వీఏ ఎక్కువ ఇబ్బంది పడింది. చేతి తొడుగులు, కుట్లు వేసే దారం, కట్టుగుడ్డలు, సెలైన్ గొట్టాలు వంటివి ఆసుపత్రులకు ప్రధాన సరఫరాదారు పద్ధతిలో అందుతాయి. ఒక్కో ప్రాంతానికి ఒక పెద్ద పంపిణీ కంపెనీ ఉంటుంది. ఆసుపత్రి దానికి ఇండెంటు పంపితే కోరిన సరుకు దాదాపు రోజూ వస్తుంది. 2016 డిసెంబరులో ఈ పథకాన్ని కొత్త రూపంలో మొదలుపెట్టారు. అంతకుముందు లక్షల్లో ఉన్న వస్తువుల ఎంపికను కొన్ని వేలకు కుదించారు. తక్కువ రకాలు ఎక్కువ సంఖ్యలో కొంటే ధర దిగుతుంది, వాడకమూ ఒకే తీరుగా ఉంటుంది. ప్రైవేటు ఆసుపత్రుల గొలుసులు చాలాకాలంగా చేస్తున్న పని ఇదే. కానీ అక్కడ ఏ తొడుగు ఉంచాలి, ఏది తీసేయాలి అని నిర్ణయించే కమిటీలో సర్జన్లు, నర్సులు కూర్చుంటారు. వీఏలో ఆ జాబితాను ఎక్కువగా పాత కొనుగోళ్ల లెక్కలను ఆధారం చేసుకుని తయారు చేశారు. చికిత్స చేసేవారిని అడిగింది చాలా తక్కువ.

ఫలితం వెంటనే కనిపించింది. అమెరికా పార్లమెంటు తరఫున ప్రభుత్వ ఖర్చులను పరిశీలించే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ 2017 నవంబరులో నివేదిక ఇచ్చింది. ఆసుపత్రులు తమ సామానులో 40 శాతం ఈ జాబితా నుంచి కొనాలన్నది లక్ష్యం. దేశం మొత్తం మీద సగటున కొన్నది 24 శాతమే. జాబితాలో లేనిదాన్ని ఆసుపత్రులు బయట వెతుక్కున్నాయి. 2016లో వీఏ ఆసుపత్రుల కాంట్రాక్టు చర్యల్లో దాదాపు ఐదో వంతు అత్యవసర కొనుగోళ్లుగా నమోదయ్యాయి. వాటిలో ఒక ఉదాహరణ ప్రత్యేకంగా చెప్పుకోదగింది. ఒక ఆసుపత్రి వైద్యానికి వాడే గ్యాసును మూడేళ్లపాటు ఒకదాని వెంట ఒకటిగా అత్యవసర స్వల్పకాలిక కాంట్రాక్టుల మీదే కొంటూ వచ్చింది. ఆసుపత్రికి అటువంటి గ్యాసు ఏడాది పొడవునా కావాలన్నది ఎవరికైనా తెలిసిన విషయం. దీర్ఘకాలిక కాంట్రాక్టుకు కావలసిన ఏర్పాటు సకాలంలో జరగలేదు, అంతే. అత్యవసరం అన్న ముద్ర పడిన ప్రతిసారీ పోటీ తగ్గి, ధర పెరుగుతుంది.

రాజధాని వాషింగ్టన్‌లోని వీఏ ఆసుపత్రి కథ ఈ లోపాలన్నీ ఒకేచోట కలిస్తే ఏమవుతుందో చూపించింది. శాఖ అంతర్గత తనిఖీ విభాగం మామూలుగా విచారణ ముగిశాకే నివేదిక ప్రచురిస్తుంది. ఇక్కడ మాత్రం రోగులకు ప్రమాదం ఉందని భావించి 2017 ఏప్రిల్ 12న మధ్యంతర నివేదికనే బయటపెట్టింది. ఆసుపత్రి డైరెక్టరును అదే రోజు బాధ్యతల నుంచి తప్పించారు. అక్కడ సరుకు నిల్వలను లెక్కపెట్టే వ్యవస్థ పనిచేయడం లేదు. ఏ వస్తువు ఎంత ఉందో, ఎప్పుడు అయిపోతుందో చెప్పగలిగినవారు లేరు. 2016 ఫిబ్రవరిలో, సరఫరాదారుకు బిల్లు చెల్లించనందున దవడ ఎముకల ఆపరేషన్‌కు వాడే పరికరాల ట్రేను ఆసుపత్రి నుంచి తీసుకుపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, ముక్క తీసే సాధనం లేక నాలుగు ప్రోస్టేట్ బయాప్సీలు రద్దయ్యాయి. 2017 మార్చిలో డయాలసిస్ విభాగంలో రోగి రక్తాన్ని యంత్రానికి చేర్చే గొట్టాలు నిండుకున్నాయి. సిబ్బంది ఒక ప్రైవేటు ఆసుపత్రిని అడిగి తెచ్చుకుంటే గాని ఆ రోజు డయాలసిస్ సాగలేదు. శుద్ధి చేసిన సామాను దాచే 25 గదులను తనిఖీ చేస్తే 18 మురికిగా కనిపించాయి. 15 కోట్ల డాలర్ల విలువైన పరికరాలకు ఏడాదిగా లెక్క సరిచూడలేదు.

2018 మార్చిలో వచ్చిన పూర్తి నివేదిక డబ్బు సంగతి తేల్చింది. రెండేళ్లలో కనీసం 9 కోట్ల 20 లక్షల డాలర్ల సామాను, అవసరమో కాదో, ధర సరైనదో కాదో చూసే నియంత్రణ లేకుండా కొన్నారు. రోగుల ఇళ్లలో వాడే మూడు మంచాలకు కట్టిన అద్దె లక్షల డాలర్లకు చేరింది. ఆ మంచాలను కొనేస్తే అందులో చిన్న భాగం సరిపోయేది. వస్తువు సమయానికి లేకపోతే ఎంత ధరకైనా తెప్పించక తప్పదు, కాబట్టి కొరత, దుబారా ఒకే ఆసుపత్రిలో పక్కపక్కనే ఉండగలవు. సామాను లోపం వల్ల రోగులకు హాని జరిగిన దాఖలాలు తనిఖీ అధికారులకు దొరకలేదు. అందుకు వారు చెప్పిన కారణం: వైద్య సిబ్బంది నిబద్ధత. పక్క ఆసుపత్రికి ఫోను చేసి అరువడిగిన నర్సులు, ఉన్నదానితో సర్దుకున్న డాక్టర్లు రోగులను కాపాడారు. వారి పని గంటల్లో ఎంత భాగం సామాను వేటకు పోయిందో ఏ పద్దులోనూ కనిపించదు.

వస్తువు చేతికందని చోట చిన్న కొనుగోళ్లకు ఇచ్చిన ప్రభుత్వ క్రెడిట్ కార్డు ఆదుకుంటుంది. నిర్ణీత పరిమితి లోపలి వస్తువును కార్డుతో టెండరు లేకుండా కొనవచ్చు. మన ఆసుపత్రుల్లో లోకల్ పర్చేజ్ అనే వెసులుబాటుకు ఇది దగ్గరిది. వేలమంది చేతుల్లో కార్డులున్నప్పుడు పర్యవేక్షణ సడలుతుంది. 2015లో శాఖలోని సీనియర్ కొనుగోలు అధికారి జాన్ ఫ్రై, ఏటా కనీసం 500 కోట్ల డాలర్లు నిబంధనలకు విరుద్ధంగా ఖర్చవుతున్నాయని మంత్రికి సుదీర్ఘమైన లేఖ రాసి, పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చాడు. కార్డును తప్పుపట్టడం సులువు. నర్సు పెట్టిన ఇండెంటు నెలల తరబడి కదలకపోతే ఆమెకు మిగిలే దారి ఆ కార్డొక్కటే అని కూడా ఒప్పుకోవాలి.

ఎవరి దగ్గర కొనాలి అన్న ప్రశ్నకు వీఏ విషయంలో ఒక ప్రత్యేకమైన జవాబు ఉంది. 2006లో చేసిన చట్టం, మాజీ సైనికులు నడిపే చిన్న కంపెనీలకు మొదటి అవకాశం ఇవ్వాలని ఆదేశించింది. అటువంటి అర్హత గల కంపెనీలు కనీసం రెండు సరైన ధరకు పోటీపడతాయని అధికారి సహేతుకంగా నమ్మితే, పోటీని వాటికే పరిమితం చేయాలి. ధరల పట్టిక నుంచి ఆర్డరిచ్చేటప్పుడు ఈ నిబంధన వర్తించదని వీఏ వాదించింది. గాయపడిన మాజీ సైనికుడి యాజమాన్యంలోని కింగ్‌డమ్‌వేర్ అనే కంపెనీ దాన్ని సవాలు చేసింది. 2016 జూన్ 16న అమెరికా సుప్రీంకోర్టు, జస్టిస్ క్లారెన్స్ థామస్ రాసిన ఏకగ్రీవ తీర్పులో, చట్టంలోని ఆదేశం ప్రతి కాంట్రాక్టుకూ వర్తిస్తుందని చెప్పింది. చట్టం మాటలను బట్టి చూస్తే ఆ తీర్పు సరైనదే. ఆచరణలో ఒక చిక్కు మిగిలింది. ఎంఆర్‌ఐ యంత్రాలు, ఇంప్లాంట్లు తయారు చేసేవి ప్రధానంగా బహుళజాతి సంస్థలు. చిన్న కంపెనీ చాలాసార్లు వాటి సరుకును తిరిగి అమ్ముతుంది. మధ్యలో ఆ కంపెనీ నిజంగా గోదాము నడిపి, మరమ్మతు చేసి, సిబ్బందికి శిక్షణ ఇస్తే మేలే. బిల్లు మీద పేరు మార్చడం మాత్రమే చేస్తే, మాజీ సైనికుడైన రోగి సొమ్ము మాజీ సైనికుడైన వ్యాపారికి పోతుంది. చట్టం ఇద్దరికీ మేలు చేయాలనుకుంది. ఇద్దరిలో ఒకరే గెలవగలిగిన చోట రోగి వైపే నిలబడాలి.

కోవిడ్ కాలంలో మాస్కులు, గౌన్లు దొరకక ప్రపంచమంతా అల్లాడినప్పుడు వీఏ కూడా అనుభవం లేని మధ్యవర్తులను ఆశ్రయించింది. అరవై లక్షల ఎన్95 మాస్కులకు సుమారు మూడున్నర కోట్ల డాలర్ల కాంట్రాక్టు పొందిన ఒక చిన్న సంస్థ వాటిని అందించలేకపోయింది. దాని యజమాని 2021లో కోర్టులో మోసం ఒప్పుకున్నాడు. ఈ అనుభవం తరువాత ప్రాంతాలవారీగా అత్యవసర నిల్వ కేంద్రాలు నెలకొల్పే పని చేపట్టారు.

నిల్వల లెక్క కోసం కొత్త కంప్యూటర్ వ్యవస్థ తేవాలని రక్షణ శాఖ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌ను తీసుకుని, 2020లో నార్త్ షికాగోలోని లవెల్ ఆసుపత్రిలో మొదట ప్రవేశపెట్టారు. అక్కడి సిబ్బంది అతి ముఖ్యమని చెప్పిన అవసరాల్లో 40 శాతానికి పైగా అది తీర్చలేదని మరుసటి ఏడాది తనిఖీ విభాగం తేల్చింది. ఆ తరువాత వీఏ ఆ ప్రయత్నం విరమించి మరో మార్గం వెతుక్కుంది. 2019లోనే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్, ప్రభుత్వంలో నష్టభయం ఎక్కువగా ఉన్న రంగాల జాబితాలో వీఏ కొనుగోళ్లను చేర్చింది.

అదే వ్యవస్థలో వాడేవారి మాట విన్నప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. గుండెకు అమర్చే పేస్‌మేకర్‌ను ఇంజనీరు విల్సన్ గ్రేట్‌బాచ్, బఫలో వీఏ ఆసుపత్రి సర్జన్లు విలియం చార్డాక్, ఆండ్రూ గేజ్ కలిసి రూపొందించి 1960లో రోగులకు అమర్చారు. డాక్టరు, ఇంజనీరు ఒకే బల్ల దగ్గర కూర్చున్నందువల్ల పుట్టిన పరికరం అది. కాన్సాస్ రాష్ట్రం టొపీకా వీఏ ఆసుపత్రి నర్సు స్యూ కినిక్ 1990ల ఆరంభంలో అద్దె కారు వాపసు ఇస్తూ, అక్కడి ఉద్యోగి చేతి స్కానరుతో బార్‌కోడ్ చదవడం గమనించింది. రోగి చేతి పట్టీ మీదా, మందు పొట్లం మీదా బార్‌కోడ్ ఉంటే తప్పు మందు తప్పు మనిషికి ఇవ్వడం ఆపవచ్చని ఆమెకు తోచింది. టొపీకాలో ప్రయోగం జరిగింది. 2000 సంవత్సరం ప్రాంతానికి వీఏ ఆసుపత్రులన్నిటా ఆ పద్ధతి వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రులు చాలావరకు దాన్ని తరువాత అందిపుచ్చుకున్నాయి. ఏ టెండరు పత్రంలోనూ లేని అవసరాన్ని మందులిచ్చే చేయి గుర్తించింది.

భారతదేశంలో మాజీ సైనికుల వైద్యం వేరే తీరున సాగుతుంది. 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం కింద నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్‌లు ఉన్నాయి. సికింద్రాబాదు, విశాఖపట్నం, గుంటూరు వంటి చోట్ల తెలుగు మాజీ సైనికులు, వారి కుటుంబాలు వీటికే వస్తారు. పశ్చిమ గోదావరి జిల్లా మిలిటరీ మాధవరం లాగా తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊళ్లకు ఈ పథకం ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. పెద్ద చికిత్సలకు ప్రభుత్వం గుర్తించిన ప్రైవేటు ఆసుపత్రికి పంపి బిల్లు చెల్లిస్తారు. అంటే ఇక్కడ ప్రభుత్వం పెద్ద యంత్రాలకు బదులు ఎక్కువగా సేవను కొంటుంది. మందులు మాత్రం సైనిక వైద్య సరఫరా మార్గంలో వస్తాయి. అందుబాటులో లేనివాటిని అధీకృత స్థానిక మందుల దుకాణం నుంచి తెప్పిస్తారు. పాలీక్లినిక్‌లో ఏ మందు ఎన్నిసార్లు లేదని చెప్పవలసి వచ్చిందో అక్కడి ఫార్మసిస్టుకు తెలుసు. మధుమేహపు మందుకు నెలనెలా వచ్చే వృద్ధుడికీ తెలుసు. ఆ సమాచారం తరువాతి సంవత్సరపు కొనుగోలు అంచనాలోకి చేరడమే అసలైన పని.

వాషింగ్టన్ నివేదికను మన కొనుగోలు కమిటీల సభ్యులు, ఆసుపత్రి సూపరింటెండెంట్లు, ఆడిట్ అధికారులు ఒక్కసారైనా చదవాలి. చదివాక తమ స్టాకు రిజిస్టరు తెరిచి ఏదో ఒక వస్తువును ఎంచుకుని, గోదాములోకి స్వయంగా వెళ్లి లెక్కపెట్టాలి. రిజిస్టరులోని అంకె, అలమరలోని వస్తువుల సంఖ్య ఒకటి కాకపోతే ఆ వార్డు హెడ్ నర్సును, ఆసుపత్రి బయోమెడికల్ ఇంజనీరును తరువాతి కొనుగోలు కమిటీ సమావేశానికి పిలవాలి. సభ్యుల సంతకాల పక్కన వారి సంతకాలు కూడా తీసుకోవాలి.